నాన్న డైరీల్లో రైలు మాటలు: తెలిసినవాళ్లు విప్పి చెప్పగలరా?

మర్రిపాలెం_అమ్మాయి:

అందరికీ నమస్కారం. మా నాన్న వైజాగ్‌లో గూడ్స్ డ్రైవరుగా చేశారు. సర్వీసులో ఎక్కువ భాగం కేకే లైన్‌లోనే, అంటే కొత్తవలస – కిరండూల్. ఆయన పోయి మూడేళ్లయింది. మొన్న అమ్మ పాత ఇల్లు ఖాళీ చేస్తుంటే ఆయన లైన్ బాక్స్ (డ్యూటీకి పట్టుకెళ్లే పెట్టె) అడుగున, పచ్చజెండా ఎర్రజెండా కింద, ఏడు డైరీలు దొరికాయి. 1989 నుంచి 1995 వరకు.

నాన్న ఇంట్లో పెద్దగా మాట్లాడేవారు కాదు. కనీసం ఇందులోనైనా ఏమైనా చెప్పుకుని ఉంటారని ఆశగా తెరిచాను. ఏం లేదు. రోజుకి ఒకటిన్నర లైను. అదీ సగం పొట్టి అక్షరాలే. కొన్ని ఉన్నవి ఉన్నట్టు దించుతున్నాను:

"14-10-91. కాల్ 01.30. ఎంప్టీ. త్యాడ దగ్గర నో టెన్. 40 ని. వెడ్జిలు. సీ.ఫా. 2."

"15-10-91. స్పేర్ టు కేఆర్‌పీయూ."

"2-11-91. ఎస్ఎంఎల్‌జీ నుంచి ఆర్‌బీ లేదు. ఏ9 మీదే. 3 షా. కొట్టలేదు."

"8-12-91. డీజే 3 సార్లు. 118 వెడ్జి. సెక్షన్ క్లియర్."

"19-1-92. ఎంఆర్ఓ. 25 ని." మర్నాడు ఒక్కటే మాట: "సిక్."

"3-3-92. ఎస్ఎఫ్ 11 కి జవాబు ఇచ్చాను. బీఎల్."

గూగుల్‌లో వెతికితే డీజే అంటే పాటలు పెట్టేవాడనీ, నో టెన్ అంటే ఏమీ లేదనీ వస్తోంది. "నో టెన్షన్ అని రాసుకున్నారేమోనే, హాయిగా ఉన్నారేమో ఆ రోజు" అంటోంది అమ్మ. అర్ధరాత్రి ఒంటిగంటన్నరకి లేచి వెళ్లిన మనిషి హాయిగా ఎలా ఉంటాడు? రైల్వేలో చేసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. పొట్టి అక్షరాలకి పూర్తి పేర్లు చెప్పినా చాలు. ఆ రోజు ఏం జరిగి ఉంటుందో చెబితే ఇంకా సంతోషం.


ఏఎల్‌పీ_2019:

అక్కా, నేను అసిస్టెంట్ లోకో పైలట్‌ని, వేరే డివిజన్. డ్యూటీకి వెళ్లే తొందరలో ఉన్నాను, తెలిసినంత రాస్తున్నా.

ఎంప్టీ అంటే ఖాళీ రేక్, అంటే సరుకు లేని వ్యాగన్ల వరస. స్పేర్ అంటే బండి నడపకుండా ఇంకో బండిలో ప్యాసింజరులా కూర్చుని డ్యూటీ స్టేషన్‌కి వెళ్లడం. కేఆర్‌పీయూ కోరాపుట్ స్టేషన్ కోడ్. ఎస్ఎంఎల్‌జీ సిమిలిగుడ. ఆర్‌బీ అంటే రియోస్టాటిక్ బ్రేక్. ఏ9 అంటే బండి మొత్తానికి పడే బ్రేక్ హ్యాండిల్. డీజే అంటే ఇంజిన్‌లో మెయిన్ సర్క్యూట్ బ్రేకర్. ఎంఆర్ఓ అంటే మ్యాన్ రన్ ఓవర్, బండి కింద మనిషి పడటం, సారీ అక్కా. ఎస్ఎఫ్ 11 అంటే చిన్న శిక్షకి ఇచ్చే చార్జిషీటు (పెద్దది ఎస్ఎఫ్ 5). బీఎల్ అంటే ఇంజిన్ తాళం.

నో టెన్ అంటే పైన వైర్లో కరెంటు లేదని. మీ అమ్మగారు చెప్పినదానికి పూర్తి వ్యతిరేకం.

సీ.ఫా. అంటే విజిల్ బోర్డు అనుకుంటా. 118 రిలే నంబరు. మేం త్రీ ఫేజ్ ఇంజిన్లే (కొత్తరకంవి) ఎక్కువ నడుపుతాం, ఈ వెడ్జిల సంగతి పాతవాళ్లే చెప్పాలి.


రిటైర్డ్_గూడ్స్:

అమ్మా, ఆలస్యంగా చూశాను. నేను 34 ఏళ్లు ఇంజిన్ మీద ఉన్నాను, అందులో పన్నెండేళ్లు ఆ లైన్లోనే. 1991లో అసిస్టెంటుని. మీ నాన్నగారి పేరు ఇక్కడ రాయకు. నేను ఆయన పక్కన కూర్చుని ఉండొచ్చు, ఉండకపోవచ్చు. అప్పట్లో రోజుకో డ్రైవరుతో ఎక్కేవాళ్లం.

ముందు మీ అమ్మగారి నో టెన్షన్ సంగతి చూద్దాం. కరెంటు ఇంజిన్ల మాటలు సగం ఫ్రెంచివాళ్లవి. 1950ల చివర్లో మన రైల్వే 25,000 వోల్టుల ఏసీ కరెంటు పెట్టుకున్నప్పుడు సలహా ఇచ్చింది ఫ్రెంచి రైల్వేవాళ్లు. ఇంజిన్లతో పాటు వాళ్ల అక్షరాలూ వచ్చి కూర్చున్నాయి. డీజే, జీఆర్, బీఎల్, ఎంపీజే, జెడ్‌పీటీ. ఏ అక్షరం దేనికో ట్రైనింగులో మాస్టారికే తెలియదు. "డీజే అంటే డీజే, రాసుకో" అనేవారు. రాసుకున్నాం. టెన్షన్ అంటే వోల్టేజి అట, మన ఊళ్లో హైటెన్షన్ వైర్లు అంటాం కదా, అదే. నో టెన్షన్ అంటే తీగలో ప్రాణం లేదని. కొత్తగా వచ్చిన కుర్రాడికి మొదటి రోజే ఈ జోకు పడేది: "ఒరే, నో టెన్షన్ వస్తే టెన్షన్ పడాల్రా."

ఎందుకు పడాలంటే, త్యాడ ఎక్కడుందో చూడు. బొడ్డవర దాటితే ఘాటే. సిమిలిగుడ దాకా ఎక్కుతూనే ఉండాలి. అది సముద్ర మట్టానికి 996 మీటర్లు. బ్రాడ్ గేజ్‌లో దేశంలోకెల్లా ఎత్తైన స్టేషన్ అని చాలాకాలం బోర్డు మీద రాసుకున్నారు, కశ్మీరు లైను వచ్చేదాకా. ఆ లైను మొత్తం మీద 58 సొరంగాలు. ఖాళీ రేకే అనుకో, ఎక్కుడులో మధ్యన కరెంటు పోయింది. బండి ఆగింది. ఇంజిన్లో కంప్రెసర్ కూడా ఆగింది. బ్రేకులు పట్టి ఉంచేది గాలి. ఆ గాలి పైపుల్లో ఎక్కడో అక్కడ సన్నగా కారుతూనే ఉంటుంది. పది నిమిషాలంటే భయం లేదు. నలభై నిమిషాలంటే ముల్లు కిందికి జారుతూ ఉంటుంది, నువ్వు దాన్నే చూస్తూ ఉంటావు. అప్పుడు అసిస్టెంటు దిగాలి. చేతిలో టార్చి, చంకలో చెక్క వెడ్జిలు. చక్రాల కింద అవి కొట్టాలి. తర్వాత వ్యాగన్ వెంట వ్యాగన్ హ్యాండ్ బ్రేక్ చక్రం తిప్పి బిగించాలి. ఒక పక్క కొండ, రెండో పక్క లోయ, కాలి కింద కంకర. అక్టోబరు నెల, ఘాట్‌లో మంచు మొదలయ్యే రోజులు. డైరీలో "వెడ్జిలు" అన్న ఒక్క మాటలో ఇదంతా ఉంది. కరెంటు వచ్చాక అవన్నీ మళ్లీ విప్పాలి, అది రాయలేదు చూడు. విప్పడం ఎవరూ రాసుకోరు.

118 వెడ్జి వేరే వెడ్జి. ఇంజిన్ లోపల రిలేలు ఉంటాయి, క్యూ 118 అందులో ఒకటి. అది పడిపోతే డీజే నిలబడదు, అంటే ఇంజిన్ కరెంటు తీసుకోదు. వేయడం, ట్రిప్ అవడం, వేయడం, ట్రిప్ అవడం. అలా మూడుసార్లు అయ్యాక, పుస్తకంలో చెప్పినవన్నీ చూసి, అప్పుడు ఆ రిలేకి చిన్న చెక్కముక్క అడ్డం పెట్టి నిలబెడతారు. కొన్ని రిలేలకి పెట్టొచ్చు, కొన్నింటికి ప్రాణం పోయినా పెట్టకూడదు. పెట్టాక వచ్చే స్టేషన్ దాకా నెమ్మదిగా లాక్కెళ్లి లైన్ ఖాళీ చేయడమే "సెక్షన్ క్లియర్". సింగిల్ లైన్ కదా, నువ్వు మధ్యలో కూర్చుంటే రెండు వైపులా బండ్లు కూర్చుంటాయి. అగ్గిపుల్ల, మడతపెట్టిన సిగరెట్టు పెట్టె, అన్నీ వెడ్జిలే మాకు. నేను ఒకసారి చీపురుపుల్లలు కట్టకట్టి వాడాను.

ఇక 2-11-91. ఇది చదివి నేను కాసేపు ఫోను పక్కన పెట్టేశాను.

కేకే లైన్‌లో లోడ్ వచ్చేది కిరండూల్ నుంచి వైజాగ్‌కి. అంటే ఇనుప రాయి నింపుకున్న బండి ఆ ఘాట్ దిగాలి. ఒక్కో బాక్స్ఎన్ వ్యాగన్ నిండితే 81 టన్నులు. అలాంటివి వరసగా వెనక ఉంటాయి. ఎక్కించడం ఎవరైనా ఎక్కిస్తాడు, దింపడం చేతనైనవాడే డ్రైవరు అనేవారు మా సీనియర్లు. దింపేటప్పుడు పెద్ద అండ ఆర్‌బీ. బండిని లాగే మోటార్లనే జనరేటర్లుగా మార్చి, వేగాన్ని కరెంటుగా చేసి, ఆ కరెంటుని ఇంజిన్లోనే వేడిగా తగలేయడం. దానివల్ల చక్రాల మీద బ్రేకు దిమ్మలు పెద్దగా అరగవు, గాలి ఖర్చవదు. ఆర్‌బీ లేదంటే ఇక ఏ9 ఒక్కటే.

ఏ9తో చిక్కేమిటంటే, పైపులో 5 కిలోల ప్రెషర్‌తో గాలి ఉంటుంది. బ్రేకు వేయడమంటే అందులోంచి కొంత వదిలేయడం. 5 నుంచి నాలుగున్నరకి దించావు, బండి పట్టుకుంది. వేగం బాగా తగ్గింది, వదలాలి. వదిలితే పైపు మళ్లీ నిండాలి, అంత పొడుగు బండిలో చివరి వ్యాగన్ దాకా గాలి చేరడానికి టైం పడుతుంది. ఈలోపు బండి వాలులో మళ్లీ పరిగెత్తడం మొదలెడుతుంది. నిండకముందే మళ్లీ వేశావనుకో, ఈసారి పట్టు తక్కువ. మూడోసారి ఇంకా తక్కువ. దీన్ని మేం "గాలి తినేయడం" అంటాం. గాలి తినేసిన డ్రైవరు ఘాట్‌లో ఒట్టి మనిషి.

నేను అలాంటి రాత్రి ఒకటి చూశాను, వేరే డ్రైవరుతో. సిమిలిగుడ దాటిన కాసేపటికే ఆర్‌బీ ఫెయిలయింది. ఆయన నోట్లో కిళ్లీ ఉంది. దాన్ని కిటికీలోంచి ఊసేశాడు, ఘాట్ దిగేదాకా ఇంకోటి వేసుకోలేదు. "నువ్వు బీపీ చెప్పు, ఇంకేం చెప్పకు" అన్నాడు. బీపీ అంటే బ్రేకు పైపులో గాలి ప్రెషర్. నేను గేజి చూసి చెబుతున్నాను: నాలుగు ఆరు, నాలుగు ఎనిమిది, అయిదు. అయిదు అన్నాక కూడా ఆయన కాసేపు ఆగేవాడు, వెనక వ్యాగన్లకి చేరాలి కదా అని. ఆ ఆగడం ఉంది చూశావా, బండి జోరు అందుకుంటుంటే చెయ్యి హ్యాండిల్ మీద పెట్టుకుని వేయకుండా ఆగడం, అది నేను రిటైరయ్యేలోపు నేర్చుకున్నానో లేదో తెలియదు. వంపు తిరిగినప్పుడల్లా వెనక్కి చూస్తే బండి పొడుగునా చక్రాల దగ్గర నిప్పురవ్వలు. సొరంగంలోకి వెళ్తే ఇనుము కాలిన వాసన, కళ్లు మంట. కింద స్టేషన్లో ఆగాక దిగి, మొదటి వ్యాగన్ చక్రం దగ్గర చెయ్యి వెనక్కి తిప్పి, తాకకుండా, వేడి చూశాడు. తర్వాత రెండోది. వచ్చి "టీ పెట్టు" అన్నాడు. అంతే.

మూడు షార్టులంటే హారన్ మూడుసార్లు పొట్టిగా కొట్టడం. బండి నా చేతిలో లేదు, గార్డు గారూ, మీ వైపు నుంచి బ్రేకు వేయండి అని అర్థం. మా మాటల్లో అంతకన్నా పెద్ద మాట లేదు. ఘాట్‌లో కొన్నిచోట్ల క్యాచ్ సైడింగులు ఉంటాయి, బండి అదుపు తప్పితే స్టేషన్‌లోకి రాకుండా దాన్ని పక్కకి మళ్లించి ఇసుకలోకి ఎక్కించడానికి. మూడు షార్టులు విన్న స్టేషన్ మాస్టరు మొదట చూసేది అటే.

మీ నాన్న "కొట్టలేదు" అని రాసుకున్నారు. కొట్టనిది ఎవరూ రాసుకోరమ్మా. చెయ్యి హారన్ దాకా వెళ్లి వెనక్కి వచ్చిందన్నమాట.


మర్రిపాలెం_అమ్మాయి:

అంకుల్, మీరు రాసింది అమ్మకి చదివి వినిపించాను. ఆ నవంబరు రెండో తారీఖు గురించి తనకేమీ గుర్తులేదట. "వచ్చారు, తిన్నారు, పడుకున్నారు, రోజూ అంతే కదా" అంది. తర్వాత మళ్లీ ఒకసారి చదవమంది.

టెన్షన్ సంగతి విని నవ్వింది.


లియోన్_తెలుగు:

ఫ్రెంచి ప్రస్తావన వచ్చింది కాబట్టి నేను దూరాను. ఎనిమిదేళ్లుగా లియోన్‌లో ఉంటున్నాను. రైల్వేతో సంబంధం లేదు, మా మామయ్య మాత్రం విజయవాడ షెడ్డులో చేసేవాడు, పండక్కొస్తే డీజే డీజే అనేవాడు.

ఇక్కడికొచ్చిన మొదటి చలికాలం, హీటరూ గ్రైండరూ ఒకేసారి వేస్తే ఇంట్లో కరెంటు పోయింది. ఓనరుకి ఫోన్ చేస్తే "దిస్‌జోంక్‌తర్ చూడు" అన్నాడు. గుమ్మం పక్కన డబ్బాలో ఉన్న మెయిన్ స్విచ్చే అది. ఆ మాటలోంచి తీసిన రెండక్షరాలే మామయ్య డీజే అని ఆ రాత్రి చీకట్లో వెలిగింది! బీఎల్ అంటే 'బ్వాత్ ఆ లెవియే', మీటల పెట్టె. జీఆర్ అంటే 'గ్రాద్యుయేతర్', మెట్లు మెట్లుగా పెంచేది. వోల్టేజిని ఇక్కడ 'తాన్సియోఁ' అంటారు, కాబట్టి అంకుల్ చెప్పింది కరెక్టే.

ఇంకో తమాషా. ఇక్కడ మనిషికి ఉన్నట్టుండి తిక్క రేగితే "వీడు దిస్‌జోంక్తే అయ్యాడు" అంటారు. అంటే డీజే ట్రిప్ అయ్యాడని.


కాజీపేట_డీజిల్:

ఆ తమాషా మాకూ ఉంది తమ్మీ, ఫ్రెంచి లేకుండానే. నేను డీజిల్ షెడ్డుల ఫిట్టర్‌ని, మా బాపు డోర్నకల్‌ల స్టీమ్ ఇంజిన్ మీద ఫైర్‌మన్, తర్వాత డీజిల్‌కు వచ్చిండు. డబ్ల్యూడీఎం2 ఇంజిన్‌కు ఎనిమిది నాచ్‌లు ఉంటయి, ఎనిమిదోది ఫుల్. మా ఇంట్ల అమ్మ కోపం ఎంతుందో బాపు నాచ్‌ల లెక్కన చెప్పేటోడు. గుమ్మం బయట నిలబడి మెల్లగ "ఎన్నో నాచ్‌ల ఉందిరా?" అని అడుగుతడు. "ఆరు" అంటే చెప్పులు విడువక మళ్లీ అటునుంచి అటే చాయ్ హోటల్‌కు పోతడు.

స్టీమ్ మాటలు కొన్ని రాస్త, మీ డైరీల లేకున్నా ఎవరికన్న పనికొస్తయి. సింగరేణి బొగ్గుల బూడిద ఎక్కువ, పొయ్యిల అది కరిగి గడ్డ కడ్తది. దాన్ని క్లింకర్ అంటరు. పొడుగు ఇనుప కడ్డీతోటి పొడిచి తీయాలె. బాపు ఇంట్ల అన్నం మాడి గిన్నెకు అంటుకుంటే కూడ క్లింకర్ అనేటోడు. బాయిలర్ల నీళ్లు తగ్గితే సీసం ప్లగ్ కరిగి ఆవిరి పొయ్యిలకు దిగుతది, నిప్పు ఆరిపోతది. "ప్లగ్ దించిండు" అంటె ఆ ఫైర్‌మన్ నౌకరికి తిప్పలు వచ్చినట్టే. ఊళ్లె ఎవరన్న చేతికొచ్చిన పని చెడగొడితే ఇప్పటికీ మా ఇంట్ల అదే మాట. బొగ్గు పార నీళ్లతోటి కడిగి దాని మీద మక్క కంకులు కాల్చుకునేటోళ్లు, ఆ రుచి మళ్ల రాలేదని పోయేదాక అన్నడు.

రిటైర్డ్ అన్నా, మీ కరెంటు ఇంజిన్లకు నాచ్‌లు ఎన్ని?


రిటైర్డ్_గూడ్స్:

ముప్పై రెండు, తమ్ముడూ. మా ఆవిడకి కోపం రావడానికి టైం పట్టేది. దిగడానికీ పట్టేది.

అమ్మా, మిగిలినవి కూడా చెప్పేస్తాను.

"కాల్ 01.30" అంటే కాల్ బాయ్ వచ్చిన టైం. బాయ్ అనే పేరే గానీ యాభై ఏళ్ల మనిషి. సైకిలు, టార్చి, చంకలో కాల్ బుక్. తలుపు కొట్టి డ్రైవరు పేరు పిలవడు, బండి పేరు పిలుస్తాడు. నిద్రమత్తులో బుక్కులో సంతకం పెట్టాలి. సంతకం పెట్టావా, డ్యూటీ నీది. పెట్టకుండా లోపల్నుంచి "లేరు" అనిపించినవాళ్లూ ఉన్నారు, నేను కూడా. మా చిన్నవాడు ఒకసారి "నాన్న లేరని చెప్పమన్నారు" అన్నాడు. కాల్ బాయ్ నవ్వి గుమ్మంలోనే కూర్చున్నాడు.

బీఎల్, ఎస్ఎఫ్ 11. ఇది చదివి నాకు ఊరట కలిగింది, మనలాంటివాళ్లు ఇంకా ఉన్నారని. బీఎల్ తాళం లేకపోతే ఆ క్యాబ్‌లో డీజే వేయలేవు, బండి కదలదు. ఇంజిన్ అప్పగించినప్పుడు తాళమూ అప్పగించాలి. డ్యూటీ దిగి, లైన్ బాక్స్ ఇచ్చేసి, స్నానం చేసి, చొక్కా విప్పుతుంటే జేబులో టంగుమంటుంది. నాకూ అయింది. తిరిగి ఇద్దామని పరిగెత్తేసరికి అటునుంచి కాల్ బాయ్ సైకిలు మీద ఎదురొస్తున్నాడు, వేళ్లతో తాళం తిప్పుతున్నట్టు చూపిస్తూ. ఆ బండి ఎన్ని నిమిషాలు ఆగిందో అన్ని ప్రశ్నలు వేశారు. జవాబులో "నిద్రలేమి వల్ల" అని రాశాను. మా సీనియరు కొట్టేయించి "పొరపాటున" అని రాయించాడు. నిద్ర పేరెత్తితే అసలు కథ వేరే దారి పడుతుందట.

ఎంఆర్ఓ గురించి ఏటి చెప్పమంటావు. 25 నిమిషాలంటే, బండి ఆగి, అసిస్టెంటు వెనక్కి నడిచి, గార్డు ఇటు నడిచి, పట్టాల మీద నుంచి తీసి పక్కన పెట్టి, వచ్చి, మళ్లీ కదలడానికి పట్టిన టైం. తర్వాత స్టేషన్లో మెమో. డ్రైవరు దిగకూడదు, ఇంజిన్ వదలకూడదు కదా. అసిస్టెంటుగా నేను నాలుగుసార్లు నడిచాను. డ్రైవరయ్యాక దిగకుండా కూర్చోవడమే ఎక్కువ కష్టమని తెలిసింది. మర్నాడు "సిక్" అని ఉందంటే జ్వరమని మాత్రం అనుకోకు. అంతకన్నా నేను చెప్పలేను.

స్పేర్ అంటే కుర్రాడు చెప్పాడు, సరిగ్గానే చెప్పాడు. కాకపోతే అందరికీ స్పేర్ అంటే ఇష్టం. కిటికీ పక్కన కూర్చుని, ఆ 58 సొరంగాలూ వేరేవాడి బాధ్యత అనుకుంటూ వెళ్లడం. నేను ఆ లైన్లో లోయలు చూసిందల్లా స్పేర్‌గా వెళ్లినప్పుడే.

ఇక సీ.ఫా. పసుపు బోర్డు మీద హిందీలో సీ/ఫా అనీ, ఇంగ్లిషులో డబ్ల్యూ/ఎల్ అనీ ఉంటుంది. సీటీ, ఫాటక్. ముందు గేటు ఉంది, హారన్ కొట్టు అని. గేటుకి 600 మీటర్ల ముందు పాతుతారు. "సీ.ఫా. 2" అంటే రెండు బోర్డులు పడిపోయాయనో, చెట్టు కొమ్మలు కమ్మి కనబడలేదనో నోట్ చేసుకుని ఉంటారు. అలాంటివి చూస్తే రిపోర్టు చేయాలి. పద్ధతి గల మనిషి అనిపిస్తోంది.


ఏఎల్‌పీ_2019:

అంకుల్, రన్నింగ్ రూమ్‌లో కూర్చుని ఇదంతా మా లోకో పైలట్ గారికి చదివి వినిపించాను. మాకిప్పుడు కాల్ బాయ్ లేడు, మొబైల్‌కి మెసేజ్ వస్తుంది. డ్యూటీ ఎక్కే ముందు లాబీలో, తాగామో లేదో చూడటానికి, నోట్లో గొట్టం పెట్టుకుని ఊదాలి. బండిలో ఏ హ్యాండిలూ ముట్టుకోకుండా నిమిషం దాటితే, మెలకువగా ఉన్నామో లేదో చూసే విజిలెన్స్ డివైజ్ కూస్తుంది. మీరు చెప్పిన ఆ "ఆగడం"లో అది కూసి ఉంటే ఏం చేసేవారో అని సార్ అడుగుతున్నారు.


రిటైర్డ్_గూడ్స్:

బటన్ నొక్కి, మళ్లీ ఆగేవాడు బాబూ.


మర్రిపాలెం_అమ్మాయి:

అంకుల్, ఒక చిన్న దిద్దుబాటు, ఏమీ అనుకోకండి.

మీరు చెప్పాక ఏడు డైరీలూ తిరగేసి "సీ.ఫా." ఎక్కడెక్కడ ఉందో గుర్తు పెట్టాను. మొత్తం ముప్పై ఒక్కసారి ఉంది. అన్నీ సెప్టెంబరు చివర నుంచి నవంబరు లోపే. ఏ సంవత్సరం చూసినా అంతే. బోర్డులు శీతాకాలం ముందే ఎందుకు పడిపోతాయా అని అమ్మని అడిగాను. అమ్మ కళ్లద్దాలు తీసి నా వంక చూసి, "సీతాఫలాలే, వెర్రిదానా" అంది.

బొర్రా దగ్గరా శివలింగపురం దగ్గరా బండి లూప్‌లో (స్టేషన్ పక్క లైన్లో) పెడితే ఆడవాళ్లు గంపలు పట్టుకుని ఇంజిన్ దగ్గరకే వచ్చేవారట. 2 అంటే రెండు గంపలు. ఒకటి మాకు, ఒకటి పక్క క్వార్టరు వాళ్లకి. నో టెన్షన్‌లో నలభై నిమిషాలు ఇరుక్కుని, వెడ్జిలు కొట్టించిన రోజు కూడా రెండు గంపలు మోసుకొచ్చారన్నమాట. నాకు ఆ గంపలు గుర్తున్నాయి, అడ్డాకులు పరిచి ఉండేవి. నాన్న తెచ్చారని గుర్తులేదు, వాటంతటవే ఇంట్లో ఉన్నట్టు గుర్తు.

1993లో ఒకచోట "సీ.ఫా. 1. పండలేదు" అని కూడా ఉంది. బోర్డు పండదు కదా, మీ అంకుల్‌ని అడుగు అంటోంది అమ్మ.


రిటైర్డ్_గూడ్స్:

అమ్మగారికి నా నమస్కారాలు చెప్పు, ఓడిపోయాను. నేనూ తెచ్చేవాడిని, బుద్ధి అటు పోలేదు చూడు.

పండకపోవడానికి కారణం మాత్రం చెప్పగలను. కాయలు కొనేటప్పుడు కళ్లు విచ్చాయో లేదో చూసుకోవాలి, గట్టివి తీసుకుంటే ఇంటికెళ్లాక బియ్యం డబ్బాలో పెట్టినా నల్లబడతాయి గానీ పండవు. మేం గంపని ఇంజిన్ లోపల, మెషిన్ రూమ్‌లో వెచ్చగా ఉండే మూల పెట్టేవాళ్లం, గోనె కప్పి. వైజాగ్ చేరేసరికి క్యాబ్ అంతా వాసన. తర్వాత ఎక్కిన డ్రైవరు తలుపు తీయగానే అడిగేవాడు, "ఎన్ని మిగిల్చావు?" అని.